అరవై ఐదో ప్రశ్న

సాయిలత తనిఖీకి వస్తోందని తెలిస్తే కామారెడ్డి చుట్టుపక్కల వృద్ధాశ్రమాలు నడిపేవాళ్లు ముందు నీళ్ల డ్రమ్ము కడిగించేవారు. ఆమె ఆఫీసు గదిలోకి రాదు, నేరుగా వంటింట్లోకి పోతుంది. డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగున పాకుడు ఉందేమో తడిమి చూస్తుంది. ఆ తర్వాత మంచాల దగ్గరికి వెళ్లి దుప్పట్లు ఎత్తుతుంది, ముసలివాళ్ల కాలిగోళ్లు చూస్తుంది. గోళ్లు పెరిగి ఉన్నాయంటే ఆ రోజు ఆశ్రమం వాళ్లకు మూడినట్టే. టీ ఇస్తే తాగదు. కుర్చీ వేస్తే కూర్చోదు. వెనకాల ఆమెను తిట్టుకునేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, తమ అమ్మను ఎక్కడ చేర్పించాలో తెలియక ఆమెకే ఫోన్ చేసి అడిగేవాళ్లు కూడా వాళ్లే.

ఆమెది మాచారెడ్డి. తండ్రి మల్లయ్యకు మూడెకరాల మక్కచేను. ఆ ఇంట్లో డిగ్రీ చదివింది ఆమె ఒక్కతే. పరీక్ష రాసి, ఆశ్రమాలు తనిఖీ చేసే ఈ సర్కారు ఉద్యోగం తెచ్చుకుని పన్నెండేళ్లయింది. ఆమె సంచిలో ఎప్పుడూ ఒక ఫారాల కట్ట ఉంటుంది, ఒక్కో ఫారంలో అరవై నాలుగు ప్రశ్నలు. మరుగుదొడ్డికి గొళ్లెం ఉందా, మందుల డబ్బాకు తాళం ఉందా, కొత్తగా చేరినవాళ్లకు ఏ జబ్బులున్నాయి, ఏ అలవాట్లున్నాయి, ఇలా. ఎక్కడా ఒక్క గడి ఖాళీ వదిలే మనిషి కాదు. ఫారంలో లేనిది లోకంలోనే లేదన్నంత నమ్మకం ఆమెకు దానిమీద. మనిషికి ఏదో ఒక బలహీనత ఉంటుంది కదా, ఆమెకు అది.

ఆ సోమవారం పొద్దున ఆమె ఇంకా ఇంటి నుంచి బయలుదేరకముందే ఫోన్ వచ్చింది. ఎవరో ఆడమనిషి, గొంతు తగ్గించి మాట్లాడింది. ఎల్లారెడ్డి శివారు ఆశ్రమంలో ఒక అవ్వను మంచానికి కట్టేశారని, తొందరగా రాకపోతే ప్రాణం దక్కదని చెప్పి పెట్టేసింది.

సాయిలతకు ముందు కోపం వచ్చింది, తర్వాత నమ్మబుద్ధి కాలేదు. ఆ ఆశ్రమాన్ని శుక్రవారమే చూసి వచ్చింది. దాన్ని నడిపే భూపాల్ పదిహేనేళ్లు దుబాయిలో కూలీల క్యాంపుకు వంట చేసి వచ్చినవాడు. మూతపడ్డ ఒక ఫంక్షన్ హాలు తీసుకుని ఇరవై ముగ్గురు ముసలివాళ్లకు వేడివేడిగా వండి పెడుతున్నాడు. అరవై నాలుగింటిలో అరవై ఒకటి బాగున్నాయని ఆమే రాసిచ్చింది. ఆఫీసు జీపు ఎక్కి డ్రైవర్ బాలరాజును ఎక్కడా ఆపొద్దంది. జీపు తాడ్వాయి దాటింది, లింగంపేట దాటింది. బాలరాజు రేడియో కూడా పెట్టలేదు.

భూపాల్ గేటు దగ్గరే ఎదురొచ్చాడు. శుక్రవారమే గదా మేడం వచ్చిన్రు, అని నవ్వబోయాడు గానీ నవ్వు కుదరలేదు. సాయిలత ఆ రోజు వంటింట్లోకి పోలేదు. ఒకప్పుడు పెళ్లిపీటలు వేసిన స్టేజీ మీద ఇప్పుడు ఆడవాళ్ల మంచాలు ఉన్నాయి. లెక్కపెడితే ఒక మంచం తక్కువుంది. ముసలివాళ్లంతా ఆమెను చూసి తలలు దించుకున్నారు. స్టేజీ వెనక, పెళ్లికూతురిని తయారు చేసే గదికి బయట తాళం వేసి ఉంది. లోపలి నుంచి మంచం కిర్రుకిర్రుమంటోంది.

"తాళం తియ్యి అన్నా" అంది సాయిలత.

అతను తీయడానికి తాళం చెవి వెతుక్కున్నాడు, అది అతని చేతిలోనే ఉంది.

లోపల పెద్దవ్వ. గురువారం చేరిన మనిషి, డెబ్బై ఏళ్లుంటాయి, పొలాల్లో కైకిలి కూలి చేసి చేసి కట్టెలా గట్టిపడ్డ శరీరం. శుక్రవారం సాయిలతతో గలగలా మాట్లాడి, గోళ్లు చూస్తుంటే చక్కిలిగింత పెడుతున్నావని నవ్విన మనిషి. ఇప్పుడు మెత్తటి చీరలతో కాళ్లూ చేతులూ మంచానికి కట్టి ఉన్నాయి. ఒళ్లంతా చెమట, జాకెట్టు పిండితే నీళ్లొచ్చేలా ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఎవరినీ చూడటం లేదు. కట్టేసిన చేతులు ఆగకుండా వణుకుతున్నాయి, వేళ్లు మాత్రం దుప్పటి మీంచి ఏవో ఏరి కింద పడేస్తున్నాయి. "చీమలు, బిడ్డా, చీమలు" అంటోంది. ఒక్క చీమ కూడా లేదు.

భూపాల్ గబగబా చెప్పుకొచ్చాడు. శనివారం నుంచే నిద్ర లేదట. ఆదివారం లేచి రోడ్డు మీదికి ఉరికిందట, లారీ కింద పడబోయిందట. ఆయా ఆపబోతే చెయ్యి కొరికిందట. పిచ్చి లేచిందో, గాలి సోకిందో, మంత్రం వేసే ఆయనకు కబురు పెట్టామని, పన్నెండింటికి వస్తానన్నాడని, అందాకా ఆగమని బతిమాలాడు. అతని కళ్లు కూడా నిద్ర లేక ఎర్రబడి ఉన్నాయి. కొట్టే మనిషి కాదు, కట్టింది కూడా భయపడే కట్టాడు. అయినా కట్టడం కట్టడమే.

సాయిలత గడప దగ్గరే నిలబడిపోయింది. ఆమెకు ఆ చీమలు తెలుసు.

పద్నాలుగేళ్ల వయసులో ఆమె వాటిని తన నానమ్మ రామవ్వ వేళ్ల మధ్య చూసింది. ఆ ఏడు ఏదో గొడవ జరిగి వాళ్ల వైపు కల్లు దుకాణాలు పది రోజులు మూతపడ్డాయి. రోజూ పొద్దుగూకంగానే నానమ్మకు కల్లు సీసాలు తెచ్చేది సాయిలతే. మూడో రోజుకు నానమ్మ ఇలాగే వణికింది, ఇలాగే చీమలు ఏరింది, రాత్రింబగళ్లు మనవరాలి చెయ్యి పట్టుకుని ఒకటే మాట అడిగింది: "కల్లు తెచ్చిస్తవా, బిడ్డా?" అడుగుతున్నది ఆమె కాదని, లోపల సొచ్చింది అడుగుతోందని పెద్దవాళ్లన్నారు. వేపమండలతో కొట్టారు. అయిదో రోజు ఫిట్స్ వచ్చి చనిపోయింది. గాలి సోకి పోయిందనే ఈ రోజుకూ ఆ ఇంట్లో చెప్పుకుంటారు. ఆ కల్లులో నిద్రమత్తు పొడి కలుపుతారని, ఏళ్ల తరబడి తాగిన ఒంటికి ఉన్నపళంగా ఆపితే మనిషి ఇట్లా అయిపోతుందని సాయిలతకు ఉద్యోగంలో చేరాక ఒక శిక్షణలో తెలిసింది. ఆ రోజు బాత్రూంలోకి వెళ్లి చాలాసేపు ఏడ్చింది. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు.

"ఫైలు తెండి" అంది.

భూపాల్ తెచ్చిన ఫైలులో, కొత్తగా చేరిన పెద్దవ్వ వివరాలతో శుక్రవారం నింపిన ఫారం పైనే ఉంది. ముప్పై ఒకటో ప్రశ్న, మద్యం అలవాటు ఉందా. ఎదురుగా రాసిన జవాబు, లేదు. కింద పరిశీలించినవారి సంతకం. సాయిలతది.

శుక్రవారం ఆ ప్రశ్న ఆమే అడిగింది. "మందు అలవాటున్నదా అవ్వా?" అంటే పెద్దవ్వ పకపకా నవ్వి, "నేనెందుకు తాగుత బిడ్డా, మొగోని లెక్క" అంది. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు, సాయిలతా నవ్వింది, నవ్వుతూనే లేదు అని రాసింది. ఆ ఫారం ఎవరు తయారు చేశారో గానీ, వాళ్లకు తెలియదంటే అర్థముంది. ఈ ఊళ్లలో కల్లును ఎవరూ మద్యం అనరు. సీసాలో వచ్చే విస్కీ, బ్రాందీ మందు. కల్లు కల్లే. పనికి పోయొచ్చిన ఒంటికి అది అన్నంతో సమానం. ఈ సంగతి పుట్టిన దగ్గర్నుంచి చూసిన సాయిలతకు ఏమైంది మరి? గడి నిండింది, ముందుకు పోయింది. అంతే అయింది.

భూపాల్ ఆమె ముఖం చూశాడు, ఫారం చూశాడు. తెలివైనవాడు, పూర్తిగా కాకపోయినా సగం అర్థమైంది. ఆమె దగ్గరికి జరిగి మెల్లగా అన్నాడు.

"మేడం, దవాఖానకు తీస్కపోతే కట్టేసిన గాట్లు చూస్తరు, కేసయితది. ఇరవై రెండు మంది రోడ్డు మీద పడ్తరు. కింద మీ సంతకం గుడ ఉన్నది. వచ్చినప్పుడే గిట్ల ఉండెనని రాసుకుందాం. ఇద్దరికీ మంచిగుంటది."

సాయిలత ఫారం మడిచి సంచిలో పెట్టుకుంది. అలా పెట్టుకున్నప్పుడు దాన్ని మళ్లీ బయటికి తీస్తానని ఆమె అనుకోలేదు, ఇది నిజం. పన్నెండేళ్లలో ఒక్క మెమో లేని ఉద్యోగం. ఒక కాగితం, ఒక అగ్గిపుల్ల, ఎవరడుగుతారు? ఆ ఆలోచన వచ్చినందుకు ఆమె తర్వాత చాలా రోజులు తనను తాను తిట్టుకుంది. అప్పుడు మాత్రం తిట్టుకునే తీరిక కూడా లేదు. వంగి చీర ముడులు విప్పడం మొదలుపెట్టింది. చెమటకు ముడులు బిగుసుకుపోయాయి, పళ్లతో లాగింది. బాలరాజును కేకేసి, ముందు పెద్దవ్వను జీపు ఎక్కించమంది. భూపాల్ ఒక్క క్షణం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆమె తలెత్తి చూసింది. అతను పక్కకు తప్పుకోవడమే కాదు, వచ్చి పెద్దవ్వ కాళ్ల వైపు పట్టుకున్నాడు.

ఊళ్లోకి వచ్చేలోపే పెద్దవ్వకు ఫిట్స్ వచ్చింది. సాయిలత ఆమెను పక్కకు తిప్పి పట్టుకుని, ఆ ముసలి గుండె దడదడా కొట్టుకోవడం తన ఛాతీకి తగులుతుంటే, ఇంకా కొంచెం సేపు అవ్వా, ఇంకా కొంచెం సేపు అంటూనే ఉంది. జీపు వెనకసీట్లో భూపాల్ దేవుణ్ని తలుచుకుంటున్నాడు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ అజయ్, కుర్రవాడు. చూడగానే జ్వరం మెదడుకెక్కిందేమో, స్కానింగుకు పెద్ద ఊరికి పంపాలేమో అన్నాడు. ఆ దారిలో రెండు మూడు గంటలు పోతాయి. ఇంకోసారి ఫిట్స్ వస్తే ఏమవుతుందో సాయిలతకు తెలుసు.

"తాగుడు అలవాటు ఉన్నదా ఈమెకు? ఏమైన రాసిన కాయితం ఉన్నదా?" అని అడిగాడు.

భూపాల్ సాయిలత సంచి వైపు చూశాడు. ఆమె ఫారం తీసి ఇచ్చింది.

"ఇందుల లేదని ఉన్నది గద మేడం. మీరే సంతకం పెట్టిన్రు."

"అది తప్పు" అంది సాయిలత. "నేనే తప్పు రాసిన. అడగాల్సింది అడగలే. కల్లు బంద్ అయి గిట్లయింది డాక్టర్."

అజయ్ ఆమె మాట నమ్మాలో కాగితం నమ్మాలో తేల్చుకోలేకపోయాడు. కల్లు ఆగినందుకే అయితే మత్తు ఇంజెక్షన్ ఇవ్వాలి, కానీ అది ఊరికే ఇచ్చేది కాదు, ఇంకో జబ్బయితే ప్రాణం మీదికొస్తుంది. ఇంటివాళ్లను అడగమన్నాడు. పెద్దవ్వను చేర్పించింది ఆమె మేనల్లుడి భార్య గంగామణి, బీడీలు చుట్టే మనిషి. సాయిలత ఫోన్ స్పీకర్‌లో పెట్టింది.

గంగామణి ముందు ఒప్పుకోలేదు. "మా అత్త మందు ముట్టది మేడం. పిల్లల మీద ఒట్టు" అంది.

అజయ్ ఫారం వైపు చూశాడు. సాయిలత కళ్లు మూసుకుని, మాచారెడ్డిలో తన ఇంట్లో కూర్చుని మాట్లాడుతున్నట్టు మాట్లాడింది.

"మందు కాదు గంగామణీ. అత్త రోజుకెన్ని సీసలు కల్లు తాగుతది?"

"కల్లా?" గంగామణి తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "పొద్దున ఒకటి, పొద్దుగూకినంక రెండు. ముప్పై ఏండ్ల సంది. ఎండకాలం ఇంకొకటి ఎక్వ. అందరు తాగేదే గద మేడం, గదెందుకు అడుగుతున్నరు?"

ఆ మాట పూర్తవకముందే అజయ్ నర్సును పిలిచి ఇంజెక్షన్ పేరు చెప్పాడు. మందు ఎక్కిన కాసేపటికి పెద్దవ్వ వేళ్లు చీమలు ఏరడం ఆపాయి. ఆ ఆగిన వేళ్లు చూసి సాయిలత భయపడింది, దగ్గరికెళ్లి ముక్కు కింద చెయ్యి పెట్టి చూసింది. ఊపిరి వెచ్చగా తగిలింది. అప్పుడు గోడకు ఆనుకుని కూర్చుంది. పక్కనే భూపాల్ టీ తెచ్చి ఇస్తే, ఎన్నడూ లేనిది, తాగింది. సాయంత్రానికి పెద్దవ్వను అంబులెన్సులో కామారెడ్డికి పంపారు.

రిపోర్టు ఆమె మర్నాడు రాసింది. మనిషిని కట్టేసి తాళం వేసినందుకు ఆశ్రమానికి నోటీసు రాసింది. మూసేయమని మాత్రం రాయలేదు. చివర ఇంకొకటి రాసింది: "చేరేటప్పుడు కల్లు గురించి అడగవలసిన బాధ్యత నాది. నేను అడగలేదు. మా ఇంట్లో కూడా కల్లును మద్యం అనరు. మా నానమ్మ ఇలాగే చనిపోయింది. తెలిసి కూడా అడగలేదు."

పై అధికారి మంచివాడే. ఈ అయిదు వాక్యాలు తీసేయమన్నాడు, సొంత సంగతులు రిపోర్టులో ఎందుకన్నాడు, మెమో వస్తుందని కూడా చెప్పాడు. అవి తీసేస్తే మిగిలిన రిపోర్టు అబద్ధమవుతుందని సాయిలత అంది. మెమో వచ్చింది. దాన్ని మడిచి తన ఫారాల కట్ట మీద పెట్టుకుంది. ఫారం మాత్రం మారలేదు, ఇప్పటికీ అరవై నాలుగే. కాకపోతే ఆమె సంచిలో ఉన్న ప్రతి ఫారం కింద పెన్నుతో రాసిన అరవై ఐదో ప్రశ్న ఒకటుంటుంది. దాన్ని ఆమె మొదట అడుగుతుంది.

అయిదో రోజు కామారెడ్డి ఆసుపత్రికి వెళ్లేసరికి పెద్దవ్వ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. చేతుల మీద చీర గాట్లు నల్లబడ్డాయి. ఒక నర్సు కాగితం పట్టుకుని మద్యం అలవాటుందా అని అడుగుతోంది. "నేనెందుకు తాగుత బిడ్డా, మొగోని లెక్క" అని పెద్దవ్వ నవ్వుతోంది. నర్సు రాయబోతుంటే సాయిలత ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. మంచం మీద కూర్చుని, రోజుకెన్ని సీసాలు కల్లు తాగేదని అవ్వను అడిగింది.

పెద్దవ్వ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. మూడని చెప్పింది. తర్వాత ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసి, సాయిలత చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"ఎందుకడుగుతున్నవ్? తెచ్చిస్తవా, బిడ్డా?"

 సాయిలత ఆ చెయ్యి వదల్లేదు. పెద్దవ్వ చెయ్యి వణకడం లేదు.