మా ఇంటికి ఆఖరున వచ్చే అచ్చు

రేణిగుంట కూడలికి కాస్త ఇవతల, లారీలు వరసగా నిలిచే చోట, టీ బంకు మనిషి పొద్దున్నే బజ్జీల మూకుడు పొయ్యి మీద పెట్టాడు. కాగే నూనె వాసన కిటికీలోంచి మా వ్యానులోకి వచ్చిందో లేదో, నా చెయ్యి దానంతటదే బెర్తు కిందికి పోయింది. అక్కడ గోనెసంచిలో గులాబీ పువ్వుల పిండివంట చేసే మా నాయన అచ్చు ఉంటుంది: మూరెడు ఇనప కడ్డీ, దాని చివర అరచేయంత ఇత్తడి గులాబీ పువ్వు. గుంతల రోడ్డు తగిలినప్పుడల్లా గణగణమంటుంది. దాన్ని గుడ్డలో చుట్టి పెట్టమని మా ఆయన దానం రెండేళ్లుగా పోరుతున్నాడు. నేను చుట్టను. అది మోగుతుంటేనే నాకు బండి కదులుతున్నట్టు.

ఇద్దరం రిటైరైంది రెండేళ్ల కిందట. నేను బడిపంతులమ్మను, ఆయన బస్సు డ్రైవరు. ఇక స్టీరింగు ముట్టనని ఒట్టేసుకున్న మనిషి చేత పాత వ్యాను కొనిపించి, అందులో మంచం, గ్యాసు పొయ్యి బిగించి, మళ్లీ అదే సీట్లో కూర్చోబెట్టింది నేనే. తిరుపతిలో మా ఇంటికి తాళం. ఎంత మంచి ఊరైనా రెండు రోజులే, మూడో రోజు నాకు కాళ్లు లాగుతాయి. పోయినేడు పండగ ఏదో పెట్రోలు బంకు వెనక, అంతకు ముందేడు సముద్రం ఒడ్డున జరిగిపోయింది. ఈసారీ కాళహస్తి మీదుగా తీరం పట్టి పోదామని లెక్క వేసుకుని ఉన్నాను. తెల్లారితే క్రిస్మస్.

దానం టీ గ్లాసు పట్టుకుని వచ్చి, నా వైపు చూడకుండా, "ఈ పండగకన్నా ఇంట్లో ఉందాం రత్నా. ముప్పై ఏండ్లు ఆ పొద్దు డూటీలోనే ఉండినాను" అన్నాడు.

నేను అచ్చు తీసి చీర చెంగుతో తుడుస్తూ కూర్చున్నాను.

మా నాయన ఉపదేశి, అంటే పాస్టరయ్య లేని పల్లెల్లో ప్రార్థన నడిపే మనిషి. ఐరాల చుట్టుపక్కల ఏడు పల్లెలు ఆయన చేతి కింద ఉండేవి. పాస్టరయ్య చిత్తూరు నుంచి రెండు రోజులకు ఒక పల్లెకే రాగలడు కాబట్టి మాకు ఏడు పల్లెలకూ ఏడు క్రిస్మస్‌లు. ఇరవై ఐదో తేదీన ఒక పల్లెలో మొదలైన పండగ, చెరుకు గానుగల దగ్గర పొగ చూసుకుంటూ, బెల్లం పాకం వాసన పీల్చుకుంటూ, పల్లె పల్లెకూ నడుచుకుంటూ వచ్చి, కొత్త సంవత్సరం వచ్చాక గానీ మా పల్లెకు చేరేది కాదు. ఏడింటికీ కలిపి గులాబీ పూల అచ్చు ఒక్కటే, అది నాయన సైకిలు సంచిలో తిరిగేది. పంచెను కాలికి క్లిప్పు పెట్టి బిగించి, టైరును బొటనవేలితో రెండుసార్లు నొక్కి చూసి, వెనక క్యారియరు మీద నన్ను ఎక్కించుకుని, మంచు ఇంకా తోటల మీద నుంచి లేవకముందే బయలుదేరేవాడు. ఏ పల్లెకు పోయినా గుడి ముందర రాళ్ల పొయ్యి, బియ్యప్పిండిలో కొబ్బరిపాలు కలిపే ఆడవాళ్లు, వెదురు దబ్బలకు రంగు కాగితం అంటించి నక్షత్రం కడుతూ చేతులంతా మైదా జిగురు పూసుకున్న పిల్లలు, మేము కనబడగానే "అచ్చొచ్చె" అని ఒకటే గోల. నాకంటే, నాయనకంటే కూడా ఆ ఇత్తడి పువ్వుకే మర్యాద ఎక్కువ. ఏ పల్లె పువ్వు కరకరలాడిందో, ఏ పల్లెది నూనె పీల్చిందో చెప్పమంటే నేను తడుముకోకుండా చెప్పేదాన్ని. ఆరు పండగలు తిని కడుపు నిండిన దాన్ని, ఏడో దాని మీద నాకేం ఆశ ఉంటుంది!

అమ్మ మాత్రం పసిపిల్లలతో ఇంట్లోనే ఉండేది. ఏటా ఒకే మాట, ఈసారన్నా ఇరవై ఐదు మన ఇంట్లో పెట్టుకుందామని. నాయన ఏటా నవ్వి ఒకటే జవాబు: "మనకేం తొందర మే, మనం యాడికీ పోము గదా."

నాకు పదేళ్లప్పుడు ఒక ఏడు అచ్చు కనబడకుండా పోయింది. నాయన అటకంతా వెతికి, గాదె కింద చూసి, చివరికి మొహం వేలాడేసుకుని వట్టి చేతులతో మొదటి పల్లెకు పోయాడు. నాకు ఒళ్లు వెచ్చగా ఉందని అమ్మ నన్ను పంపలేదు, నిజానికి నాకే జ్వరమూ లేదు. ఆయన సైకిలు మలుపు తిరగగానే అమ్మ చింతపండు కుండలోంచి అచ్చు తీసింది. నా కోపం ఇంతా అంతా కాదు, అక్కడ అందరూ పువ్వులు లేకుండా కూర్చుని ఉంటారే అని గింజుకున్నాను. అమ్మ అచ్చును నూనెలో బాగా కాగనిచ్చి, పిండిలో అంచు దాకానే ముంచి, మళ్లీ నూనెలో పెట్టి చిన్నగా విదిలిస్తే పువ్వు విడివడి తేలేది. అలా గంప నిండా చేసింది, ఒక్కటి నోట్లో వేసుకోలేదు. గడప దాకా పోయి రోడ్డు చూసింది, లోపలికి వచ్చింది, మళ్లీ పోయింది. మధ్యాహ్నం దాటాక గంపలోనే అచ్చు కూడా వేసి నెత్తిన పెట్టుకుని, చంకలో చిన్నోణ్ణి వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆ పల్లెకు నడిచింది. పొద్దు వాలేసరికి చేరాం. నాయన గంపను చూశాడు, అచ్చును చూశాడు, గంప దించుకున్నాడు. పువ్వులు పంచేశారు. మరుసటి ఏటి నుంచి అచ్చు మళ్లీ సైకిలెక్కింది, అమ్మ మళ్లీ అడగలేదు. అమ్మకు పువ్వుల మీద ఆశ అనే చాలా కాలం అనుకుంటూ వచ్చాను.

టీ గ్లాసు ఖాళీ అయింది. దానం ఇంకా నిలబడే ఉన్నాడు. నేను విసుగ్గా, "ఇంటికేం తొందరబ్బా, అది యాడికీ పోదు గదా, వచ్చే ఏడు చూద్దాం" అన్నాను.

అన్నాక నా నోరు నాకే చేదైంది. అచ్చం నాయన గొంతు. ఎక్కడికీ పోదనుకున్న అమ్మ, నాయన రిటైరు కావడానికి రెండు నెలల ముందే పోయింది. ఆ ఏడు ఇరవై ఐదున నాయన మొదటిసారి ఇంట్లో ఉన్నాడు. పొయ్యి వెలిగించేవాళ్లు లేరు.

దానం ఎక్కి బండి స్టార్టు చేశాడు. కూడలి రాగానే, నేను చెప్పిన కాళహస్తి దారికే తిప్పబోయాడు. నేను స్టీరింగు మీద చెయ్యి వేశాను.

"ఇంటికి పోదాం పా" అన్నాను.

ఇల్లంతా దుమ్ము. ఇద్దరం కలిసి ఊడ్చేసరికి నడుములు పడిపోయాయి. మర్నాడు ప్రార్థనకు పోయి వచ్చాక పొయ్యి వెలిగించాను. మా వీధిలో గులాబీ పువ్వులు ఏడాది పొడుగునా ప్యాకెట్లలో దొరుకుతాయి, నక్షత్రాలు దుకాణంలోంచి వైర్లతో సహా వస్తాయి. ఐరాల పల్లెల్లో ఇప్పుడు ఏ పల్లెకు ఆ పాస్టరయ్య ఉన్నాడు, పండగ అందరికీ ఒకే రోజు, అచ్చు ఎందాకా వచ్చిందని ఎవరూ ఎవరినీ అడగరు. అది మంచిదే, అయినా నాకు బాధగా ఉంది. మొదటి పువ్వు అచ్చుకే అతుక్కుపోయింది. రెండోది తేలింది. దానం దాన్ని చేతులు మార్చుకుంటూ ఊదుకుని తిని, గడప మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు, బస్సు దిగిన ప్రయాణికుడిలాగా.

వ్యాను తాళం చెవి గోడకు మేకు మీద వేలాడుతోంది. నేను దాని వంక మూడుసార్లు చూశాను. నాలుగోసారి చూడబోయి, పోయి ఆయన పక్కన కూర్చున్నాను.