నర్సక్క మూడు ఫార్ములాలు

గోరువెచ్చని కొబ్బరినూనెలో కాస్టిక్ సోడా నీళ్లు పోయగానే ఒక వాసన లేస్తుంది. అది కొబ్బరి వాసన కాదు, సబ్బు వాసనా కాదు. తడి సున్నం గోడ పక్కన ఎవరో తలకు నూనె రాసుకుంటున్నట్టు ఉంటుంది. ఈ ఉదయం సూరత్ శివారు ఉన్‌లోని మా షెడ్డులో వానజల్లుకు తలుపులు సగం మూసి పని చేస్తుంటే, ఆ వాసన బయటికి పోయే దారి లేక గదంతా నిండింది. వెంటనే నా ఎడమ భుజం మీద ఒక దెబ్బ పడినట్టు అనిపించింది. అది నర్సక్క దెబ్బ. కలపడం ఆపి పక్కచూపులు చూస్తే చాలు, "తమ్మీ, సబ్బు నిన్ను సూస్తున్నది, నువ్వెటు సూస్తున్నవ్?" అంటూ అరచేత్తో ఒకటి వేసేది. ఆమె ఇప్పుడు భివండీలో కూతురి దగ్గర ఉంటోంది. భుజాల నొప్పులతో గరిటె వదిలేసింది గానీ నోరు మాత్రం వదల్లేదు. సబ్బుల గురించి నేను చెప్పే మాటలన్నీ నిజానికి ఆమెవే. ఆమెను చూడని వాళ్లకు ఆమె గురించి చెప్పుకోవాలని చాలా రోజులుగా ఉంది.

నేను సూరత్ వచ్చింది సాంచెల పనికి. మా కరీంనగర్ వైపు మరమగ్గాన్ని సాంచె అంటాం. పెళ్లయ్యాక బమ్రోలిలో కాపురం పెట్టాను, కూతురు పుట్టింది, సాంచెల చప్పుడుకు చెవులు సగం పోయాయి. అన్నీ అందరికీ జరిగినట్టే జరిగాయి. ఒక ఏడాది మా సేఠ్ పాత సాంచెలన్నీ తుక్కుకు అమ్మేసి వేగంగా నడిచే కొత్త మిషన్లు తెచ్చాడు. వాటి దగ్గర ఒకరిద్దరు మనుషులుంటే చాలు. ఆ ఒకరిద్దరిలో నేను లేను. ఇంట్లో కూర్చుని గోడకేసి చూస్తున్న రోజుల్లో, మా అంతస్తులోనే చివరి గదిలో ఉండే నర్సక్క మా గుమ్మం ముందు నిలబడి నా చేతులు చూపించమంది. చూపించాను. చింతపండు కొనేటప్పుడు చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. "బలం ఉన్నది. రేపటికెళ్లి మా ఇంటికి రా. సబ్బు కలపాలె" అంది. నేను నవ్వాను. "సబ్బులేంది అక్కా, ఆడోళ్ల పని" అన్నాను. "పనికి ఆడా మొగా ఏంది? అన్నం మొగోళ్లు తింటలేరా?" అని, నా జవాబు కోసం ఆగకుండానే వెళ్లిపోయింది.

ఆమె సబ్బు చేయడం మొదలుపెట్టింది మొగుడి కోసం. బాలయ్య బావ పాండేసరాలో డైయింగ్ మిల్లులో రంగుల పని చేసేవాడు. రంగులకు, మందులకు చేతులు పగిలి, అన్నం కలుపుకుంటే కూర కారం పగుళ్లలోకి పోయి కళ్లలో నీళ్లు తిరిగేవి. డాక్టరు ఆ పని మానుకోమన్నాడు. పని మానితే ఇల్లు నడవదు. కొట్లో దొరికే సబ్బు ఏది రుద్దినా మంటే. అప్పుడు నర్సక్క, కింది అంతస్తులో ఉండే ఒక గుజరాతీ ముసలావిడ ఇంట్లో సబ్బు చేసుకోవడం చూసి నేర్చుకుంది. ఆ ముసలావిడ చెప్పినట్టు కాకుండా, బావ చేతులు చెప్పినట్టు మారుస్తూ పోయింది. నూనెలు మార్చింది, కాస్టిక్ తగ్గించింది, కొంత నూనె కాస్టిక్‌కు అందకుండా మిగిలిపోయేలా చూసింది. మంట తగ్గింది. బావ పని మానలేదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు వినాలి, మిల్లును తానే నడిపినట్టు ఉండేది.

మా అంతస్తు వరండా చివర అందరికీ కలిపి ఒక కుళాయి ఉండేది. నర్సక్క వ్యాపారమంతా ఆ కుళాయి మీదే నడిచింది. సబ్బు పోసి, కోసి, నెల దాటేదాకా ఆరబెట్టాక, ప్రతి పోతలోంచి మొదటి బిళ్ల ఆ కుళాయి దగ్గర పెట్టేది. డ్యూటీ దిగి వచ్చినవాళ్లంతా దాంతోనే చేతులు కడుక్కోవాలి. నూనె మరకల చేతులు, రంగు చేతులు, దారం కోసుకుపోయిన చేతులు అన్నీ దాని మీద పడేవి. ఆమె కొంగు నడుముకు దోపుకుని పక్కనే నిలబడి ఒక్కొక్కరినీ అడిగేది. "ఎట్లున్నది? నిజం చెప్పు, నా మొకం సూసి చెప్పకు." ఒక్కరు మంట అన్నా ఆ పోతంతా నేల కడగడానికే. అమ్మడం లేదు, ఊరికే ఇవ్వడం కూడా లేదు. మొదట్లో ఇది నాకు చాదస్తంలా తోచింది. సబ్బుల సత్తయ్య అని నా వెంటపడి ఏడిపించిన నా పాత దోస్తులే, ఆ కుళాయి దగ్గర జడ్జీల్లా మొహం పెట్టి తీర్పులు చెబుతుంటే నాకు మరీ ఒళ్లు మండేది.

ఆమెకు ఉన్నవి మూడే ఫార్ములాలు. ఒకటి దాదాపు అంతా కొబ్బరినూనెతో, సాంచెల నూనె మరకలు వదిలించడానికి. మా బోరు ఉప్పు నీళ్లలో కూడా నురగ వచ్చేది అదొక్కటే. రెండోది ఒంటికి. కొబ్బరినూనె, పల్లినూనె సగం సగం, కొంచెం ఆముదం. మూడోది పగిలిన చేతులకు, పసిపిల్లలకు. అందులో నువ్వులనూనె ఎక్కువ, అది ఆరడానికి చాలా కాలం పట్టేది. నేను మాత్రం ఫోనులో వీడియోలు చూసి చూసి ఊగిపోతుండేవాణ్ని. మేకపాలు, తేనె, బొగ్గుపొడి, ఓట్స్. ఒక్కొక్కరు ఇరవై రకాలు చేస్తున్నారు, మనమెందుకు చేయకూడదని రోజూ పోరేవాణ్ని. "రంగు మార్చు, వాసన మార్చు, పసుపెయ్యి, వేపాకెయ్యి, నేనొద్దంటనా?" అనేది ఆమె. "బట్టలు ఎన్నన్న మార్చు. లోపటి మనిషి మాత్రం ఈ ముగ్గురే. ఈ ముగ్గురి గుణం నాకు తెలుసు. వానకు ఎట్లుంటరు, ఎండకు ఎట్లుంటరు, ఎవరి చేతుల ఎట్ల పన్జేస్తరు, అంత తెలుసు. నీ ఇరవై మంది గుణం నీకు తెలుసా?" నాకు తెలియదు. అయినా వాదన మానలేదు, ఎందుకంటే అప్పటికి నా బతుకు ఆ సబ్బుల మీదే ఆనుకుని ఉంది.

ఆ చలికాలంలో హేతల్‌బెన్ వచ్చింది. డబ్బున్నవాళ్లుండే అడాజణ్‌లో కానుకల పెట్టెలు కట్టి అమ్మే దుకాణం ఆమెది. పెళ్లికి వచ్చినవాళ్లకు పంచే పెట్టెల్లో ఇంటి సబ్బులు పెట్టాలని ఆమె ఆలోచన. పది రకాలు అడిగింది. నర్సక్క మూడే చేస్తానంది. నేను మధ్యలో పడి ఒక్కో పెట్టెలో మూడు గూళ్లు, మూడు గూళ్లలో మూడు సబ్బులు అని ఒప్పించాను. ఈ పెళ్లి బాగా జరిగితే ఏడాది పొడుగునా పని ఇస్తానని హేతల్‌బెన్ మాట ఇచ్చింది. అది నిలబడితే నేను నర్సక్క దగ్గర పనివాణ్నిగా స్థిరపడతాను. పోతే హజీరా ఫ్యాక్టరీలకు వెళ్లే కంపెనీ బస్సెక్కి కాంట్రాక్టు కూలీగా చేరాలి. అక్కడ పేరు కూడా ఇచ్చి వచ్చాను. మా ఆవిడ రోజూ సాయంత్రం ఒకటే అడిగేది, "బస్సా, సబ్బా?" అని.

సబ్బులు పోశాం, ఆరబెట్టాం. పెళ్లి దగ్గర పడింది. రెండు రకాలు చలి ముదరకముందే పోసినవి, కుళాయి దగ్గర ఎప్పుడో నెగ్గాయి. చలి ముదిరాక పోసిన ఒంటి సబ్బు ఒక్కటే మిగిలింది. తీర్పు వచ్చేలోగా కాగితాలు చుట్టేద్దామని నేను లోపల కూర్చుని చుడుతున్నాను. బయట మా అంతస్తులోనే ఉండే సాంచెల ఐలయ్య గొంతు వినిపించింది. "అక్కా, జర సురుక్కుమంటున్నది." ఐలయ్య చెయ్యి దారానికి తెగి ఉంది. అంతకుముందు కడుక్కున్న వాళ్లెవరూ ఏమీ అనలేదు. నర్సక్క ఆ బిళ్లను తీసుకుని కాస్టిక్ మిగిలిందేమోనని నాలుకకు ఇలా తాకించి ఉమ్మేసింది. లోపలికి వచ్చి కొబ్బరినూనె డబ్బా, తన సోల తీసుకుని మళ్లీ బయటికి నడిచింది. సోల అంటే మా వైపు బియ్యం కొలిచే ఇత్తడి పాత్ర. అత్తగారు ఇచ్చిందని ప్రాణంలా చూసుకునేది, నూనెలన్నీ దాంతోనే కొలిచేది. కాస్టిక్ మాత్రం కిరాణా కొట్లో తూకం వేయించి పొట్లాలు కట్టించుకునేది.

అందరి ముందూ చలికి గడ్డకట్టిన కొబ్బరినూనెను గరిటెతో తవ్వి సోల నింపింది. బియ్యం కొలిచినట్టే పైన అరచేత్తో సాపు చేసింది. తర్వాత ఆ సోలను వరండాలో ఉన్న స్టవ్వు మీద పెట్టింది. నూనె కరిగేకొద్దీ కిందికి దిగింది. గడ్డల మధ్య దాగిన ఖాళీలు పోయేసరికి సోల అంచుకు బాగా కిందుగా నిలబడింది. కాస్టిక్ సరిగ్గా పడింది, నూనె తక్కువ పడింది. "ఐలయ్య చేతిది గాదు తప్పు" అంది నర్సక్క, వరండా అంతా వినేట్టు. "నాది. నూనెను బియ్యం లెక్క కొలిచిన. ఈ పోతంత నేలకే."

 ఆమెను లోపలికి పిలిచి బతిమాలాను. "అక్కా, ఒక్క ఐలయ్యకే మండింది. పెళ్లికి వచ్చేటోళ్ల చేతులు మన లెక్క తెగి ఉండవు. ఎవ్వరికీ తెల్వది."  ఆమె గొంతులో కోపం లేదు. "వాళ్లకు తెల్వదు తమ్మీ. నాకు తెలుసు గద. ఐలయ్యకు పనికిరానిది అడాజణోళ్లకు ఎట్ల ఇస్త?" మరుసటి రోజు పొద్దున్నే ఇద్దరం ఆటోలో అడాజణ్ వెళ్లాం. హేతల్‌బెన్ ఎదురుగా నిలబడి, తలొంచుకోకుండా, నర్సక్క తన హిందీలో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. రెండు రకాలు బాగున్నాయి, మూడోది చెడింది, చెడగొట్టింది తానే. హేతల్‌బెన్ మూడు గూళ్ల పెట్టె ఒకటి తెరిచి చూపించింది. ఒక గూడు ఖాళీగా ఉంచి పెళ్లివాళ్లకు ఎలా ఇస్తానని అడిగింది. రేపు సాయంత్రానికి మూడూ రాకపోతే ఆర్డరంతా ఇంకొకరికి ఇచ్చేస్తానంది. ఆమె తప్పేమీ లేదు. కొత్తగా పోస్తే ఆరడానికే నెల దాటుతుంది. తిరుగుదారిలో నేను హజీరా బస్సు ఎన్ని గంటలకో ఆలోచిస్తూ కూర్చున్నాను.

నర్సక్క ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పింది బాలయ్య బావ అయి ఉండాలి, అదే కుళాయి దగ్గర. మర్నాడు పొద్దున నేను గదిలోకి వెళ్లేసరికి గుమ్మంలో ఐలయ్య భార్య రాధ నిలబడి ఉంది. కొంగులోంచి ఒంటి సబ్బు బిళ్లలు తీసి చాప మీద పెట్టింది. నెల మొదట్లో ఇంటికని కొనుక్కున్నవి, పాత పోతలోవి, మంచివి. "మా ఆయన నోరు జారిండని ఇస్తలేను అక్కా" అంది. "ఇన్ని రోజులు నువ్వు మా చేతులను అడిగి సబ్బు చేసినవ్. ఇయ్యాల్ల మా వంతు." ఆమె వెనుక ఇంకొకరు, వాళ్ల వెనుక ఇంకొకరు. మా అంతస్తు, పై అంతస్తు, ఎదురు బిల్డింగు. కొంగుల్లో, టిఫిన్ డబ్బాల్లో, స్కూలు సంచుల్లో బిళ్లలు వచ్చాయి. ఒక ముసలమ్మ వాడిన బిళ్లే తెచ్చి, "రెండుసార్లే రుద్దుకున్న బిడ్డా, కడిగి ఇయ్యి" అంది. నర్సక్క పడీపడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

సాయంత్రానికి హేతల్‌బెన్ పెట్టెల్లో గూళ్లన్నీ నిండాయి. ఆ నెలంతా మా బిల్డింగు కొట్టు సబ్బుతో స్నానం చేసి, ఒళ్లు గీరుకుంటూ నర్సక్కను తిట్టింది. ఆమె మాత్రం సోలను కడిగి దేవుడి పటం పక్కన పెట్టేసి, ఒక కాంటా కొనుక్కొచ్చి నూనెలన్నీ తూకం వేయడం మొదలుపెట్టింది. నేను హజీరా బస్సు ఎక్కలేదు.

పెళ్లి అయ్యాక హేతల్‌బెన్ తనే బమ్రోలికి వచ్చింది. సబ్బులు అందరికీ నచ్చాయని, ఏడాదంతా పని ఇస్తానని, కాకపోతే నాలుగో రకం ఒకటి, ఐదో రకం ఒకటి మొదలుపెట్టమని మళ్లీ అడిగింది. నేను ఆశగా నర్సక్క వైపు చూశాను. ఆమె హిందీలో కాకుండా తెలుగులో, నాకే చెప్పింది, "ఆమెకు జర సమజ్ చెయ్యి తమ్మీ. మూడోది తప్పైతే నిలబెట్టెటందుకు ఈ బిల్డింగు సరిపోయింది. నాలుగోది తప్పైతే నిలబెట్టెటోళ్లను యాడికెళ్లి తెస్త?"

ఇప్పుడు ఉన్‌లో నాకు సొంత షెడ్డు ఉంది, నాతో పనిచేసే ఆడవాళ్లున్నారు, మగవాళ్లున్నారు. వాసనలు లెక్కలేనన్ని చేస్తాం, మూల ఫార్ములాలు మాత్రం మూడే. ఇంట్లో సబ్బు చేయాలనుకునేవాళ్లు ఎన్ని ఫార్ములాలు కావాలని అడుగుతుంటారు. తప్పు జరిగిన రోజున ఎన్నింటికి నిలబడి జవాబు చెప్పగలరో అన్ని అని చెబుతాను. కొందరికి అర్థమవుతుంది, కొందరు వీడియోలు చూసుకుంటారు. మొన్న ఒక పెద్ద దుకాణం మేనేజరు నా సబ్బు చేతిలో తిప్పి చూస్తూ, ఈ పని ఏ కాలేజీలో నేర్చుకున్నారని అడిగాడు. చెవుడు వల్ల నేను మామూలుగానే గట్టిగా మాట్లాడతాను. ఆ రోజు కావాలనే ఇంకాస్త గొంతు పెంచి చెప్పాను, బమ్రోలిలో, నర్సక్క దగ్గర అని.