బాతు మునిగితే యుమ్మాకు ముద్ద

ఆ బాతంటే నాకు మొదట్లో ఎంత ముద్దో, తర్వాత అంత కడుపుమంట.

నేను అరబ్బు దేశంలో, బ్నీద్ అల్ గార్ అనే పేటలో ఒక ఇంట్లో పనిచేస్తాను. ఇంటి యజమానురాలిని ఇక్కడ మామా అంటాం. ఆ మామా వాళ్ళమ్మను చూసుకోవడమే అప్పట్లో నా పని. ఆ పెద్దామెను ఇంట్లో అందరూ యుమ్మా అంటారు, అంటే అమ్మ అని. మతిమరుపు ముదిరి, గిన్నె కనబడితే చాలు పళ్ళు బిగించేది. కూతురు బతిమాలినా అంతే, మనవళ్ళు బతిమాలినా అంతే. ఆమెకు నాలుగు ముద్దలు పెట్టగలిగేది నేనొక్కదాన్నే. ఆ ఇంట్లో నాకున్న గొప్పంతా అదే.

చలికాలం పొద్దున్నే చక్రాల కుర్చీలో రోడ్డు దాటించి సముద్రం ఒడ్డుకు తీసుకుపోయేదాన్ని. రాళ్ళ గోడ మలుపులో నీళ్ళు నిలకడగా ఉంటాయి. ఎక్కడిదో ఒక అడవి బాతు ఆ చలికాలమంతా అక్కడే ఉంది. నల్లటి ఒళ్ళు, పక్కల తెలుపు, తల వెనక చిన్న పిలక, పసుపు కన్ను. ఆ నీళ్ళలో ఒకసారి చెయ్యి పెట్టి చూశాను. అబ్బా, చలి ఎముకల్లోకి పాకింది. అదేమో ఒంటిని కాస్త ఎగరేసి, తల కిందికి పెట్టి, బుడుంగుమని మునిగేది. నీళ్ళ మీద గుండ్రంగా అలలు, అంతే. మేమిద్దరం ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. అనుకోని చోట ముక్కున ఏదో గుల్ల పట్టుకుని గభాలున తేలేది. గుటుక్కున మింగి ఒళ్ళు విదిలించుకునేది. అది తేలగానే యుమ్మా "ఆఁ!" అని నోరు తెరిచేది. ఆ ఒక్క క్షణం కోసమే నేను హరీసు జావ చెంచాతో కాచుకుని ఉండేదాన్ని.

యుమ్మాను ఎత్తడానికి నేనొక్కదాన్నే చాలడం లేదని మామా ఇంకొకామెను తెప్పించింది. రాయచోటి పిల్ల. మా కడప పక్కదే కదా అని ఒడ్డుకు తీసుకుపోయి కిటుకంతా చూపించాను. ఎందుకు చూపించానో!

ఒక వారం ఈదురుగాలి. యుమ్మాకు దగ్గు పట్టుకుంది, సముద్రం వద్దంది మామా. ఇంట్లో బాతు లేదు, యుమ్మా నోరు తెరవదు. పాట పాడాను, ఫోనులో బాతులు చూపించాను, కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఊహూఁ. అప్పుడు రాయచోటి పిల్ల గిన్నె తీసుకుని భోజనం బల్ల కిందికి బుడుంగుమని దూరింది. యుమ్మా అటూ ఇటూ వెతికింది. ఆ చివర తల పైకెత్తి, చున్నీ విదిలించుకుంటూ లేచిందా పిల్ల. యుమ్మా పకపకా నవ్వింది. చెంచా నోట్లోకి పోయింది. గిన్నె ఖాళీ అయింది.

"ఖలాస్," అంది మామా నాతో. "ఇకమీదట యుమ్మా దగ్గర ఈమె ఉంటుంది. నువ్వు వంటిల్లు చూసుకో."

పని తేలికైందిగా అంటారు ఎవరైనా. అనేవాళ్ళకేం! నేను ఉల్లిగడ్డలు తరుగుతుంటే హాల్లోంచి ఆ నవ్వులు వినబడేవి. నా ఒళ్ళు భగ్గున మండేది.

గాలి తగ్గాక వాళ్ళిద్దరే ఒడ్డుకు పోయారు. దుప్పటి మరిచిపోయారని మామా నన్ను పంపింది. బాతు అక్కడే ఉంది. మునిగింది, తేలింది, మింగింది. దాని తిండి దానికి దొరుకుతోంది, నువ్వు పక్కకు జరుగు అని దానికి ఎవరూ చెప్పడం లేదు. దాన్ని చూస్తే ఎంత కుళ్ళు పుట్టిందో! ఈ పాడు బాతు రేపటికల్లా ఎగిరిపోతే బాగుండనుకున్నాను. యుమ్మా మాత్రం నీళ్ళ వైపు చూడనే లేదు. ఆ పిల్ల మొహమే చూస్తూ కూర్చుంది. దుప్పటి కప్పింది నేనని కూడా గమనించలేదు.

ఆ సాయంత్రం రాయచోటి పిల్ల వంటింట్లోకి వచ్చి ముక్కు చీదింది.

"ఏమైంది మే?" అన్నాను.

"ఏం చెప్పేది కా. దినామూ ఎత్తేది నేను, తినిపిచ్చేది నేను. ఆమె నన్ను నీ పేరు పెట్టే పిలుస్తాంది. నా పేరు ఎన్నిమార్లు చెప్పినా ఎక్కల్యా. నాకెంత మండుతాందో తెలుసునా నీకు?"

దాని మంట చూసి నా మంట చల్లారాలి కదా. చల్లారలేదు. అప్పుడే హాల్లోంచి యుమ్మా పిలిచింది. ముద్దుగా, సాగదీసి, నా పేరే. పలకబోయాను. అంతలో ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, "వస్తాండా యుమ్మా!" అంటూ పరుగెత్తింది.