జక్రయ్య బండికి ఇంకో జానెడు

పర్చూరు అవతల ఊళ్ళో ఉండే జక్రయ్యకి ఒకే ఒక్క జబ్బు. ఏ వస్తువూ ఉన్న ఎత్తులో ఉండకూడదు. ఉందంటే ఆయనకి అన్నం సయించదు. చుట్టూ తిరిగి చూసి, గడ్డం గోక్కుని, "ఇంకో జానెడు లేపితే బాగుంటుంది కదే?" అంటాడు. అని ఊరుకుంటే ఆయన పెళ్ళాం ఎలీసమ్మ ఇంత చిక్కిపోయేది కాదు.

గాలి బాగా ఆడుతుందని మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టాడు. పొద్దున్నే మంచం దిగబోయిన ఎలీసమ్మ, నేల రోజూ ఉండే చోట లేకపోవడంతో బోర్లా పడింది. పొయ్యి గట్టు లేపాడు. అప్పట్నుంచీ ఆవిడ ఉప్పు కూరలో వేస్తోందో, పొయ్యిలో వేస్తోందో ఆవిడకే తెలీదు. కుక్కలు రాకుండా కోళ్ళగూడు లేపాడు. కుక్కలు రాలేదు, నిజమే. కోళ్ళూ రాలేదు. అవి పక్కింటి జాన్‌బీ గూట్లో కాపురం పెట్టేశాయి.

"మీ కోళ్ళు బంగారం వదినా, భలే పెడుతున్నాయి గుడ్లు" అంటుంది జాన్‌బీ, గోడ మీంచి తొంగి చూస్తూ.

ఎలీసమ్మ ఇవన్నీ ఓర్చుకుంది. ఆవిడ ఓర్పు తెగింది బండి దగ్గర.

జక్రయ్యకో పికప్పు బండి ఉంది. పత్తి బస్తాలు, మిర్చి కూరి కుట్టిన టిక్కీలు, అప్పుడప్పుడూ పెళ్ళివాళ్ళు. ఆ కిరాయిల మీదే సంసారం. పోయినేడు తుపాను వెలిసిన రోజుల్లో ఎక్కడో బురదలో దిగబడితే, ట్రాక్టరు పెట్టి లాగించుకొచ్చాడు. "ఎక్కడయ్యా?" అంటే నోరు విప్పలేదు. రెండ్రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగి, మూడో రోజు చీమకుర్తి వెళ్ళి, క్వారీ జీపులకి వేసే బురద టైర్లు దింపుకొచ్చాడు. ఒక్కోటీ గడ్డలు గడ్డలుగా పళ్ళేసుకుని, రాకాసి పిల్లల్లా ఉన్నాయి.

మెకానిక్ నజీరు తల పట్టుకున్నాడు. "ఇవి పట్టవన్నా. మడ్గార్డుకి రాస్తాయి."

"అయితే బండి లేపు."

నజీరు చక్రాల మీది కమాను కట్టల దగ్గర ఇనప దిమ్మలు పెట్టి, పొడుగు బోల్టులు బిగించి బండిని లేపాడు. టైర్లు పట్టాయి. జక్రయ్య నాలుగడుగులు వెనక్కేసి, తల వంచి చూశాడు. "నజీరూ, ఇప్పుడు టైర్లు చిన్నవైపోలా?"

ఇంకా పెద్ద టైర్లొచ్చాయి. అవి రాసుకున్నాయి. బండి మళ్ళీ లేచింది. బండి లేచేసరికి టైర్లు మళ్ళీ చిన్నబోయాయి. ఇలా ఒకదాన్ని చూసి ఒకటి ఏడాదంతా పెరుగుతూనే ఉన్నాయి. ఆఖరికి నజీరు తన షెడ్డు రేకులు పైకి జరిపించుకున్నాడు.

ఓసారి రోడ్డు మీద ఇన్‌స్పెక్టరెవరో ఆపి "కిందికి దిగవయ్యా" అన్నాడట. ఈయన దిగుతూ ఉండగానే ఆయన విసుగెత్తి వెళ్ళిపోయాడట. ఈ సంగతి జక్రయ్య గొప్పగా చెప్పుకుంటాడు.

కోల్డ్ స్టోరేజీ దగ్గర హమాలీలు మాత్రం వెళ్ళిపోలేదు. భుజాల మీది టిక్కీలు కింద పడేసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"ఇది బండా, మేడా? మేడెక్కించడం మావల్ల కాదు."

"ఒక్క జానెడు తేడాకి ఏంట్రా ఈ గొడవ?"

"ఆ జానెడు నువ్వెక్కించు, చూస్తాం."

ఎక్కించాడు. ఒకే ఒక్క టిక్కీ. వారం రోజులు ఎలీసమ్మ ఆయన నడుముకి ఉప్పుకాపడం పెట్టింది. ఆ పైన కిరాయిలు ఒక్కొక్కటే జారిపోయాయి.

దర్శిలో మేనకోడలి పెళ్ళికి ఎలీసమ్మ పట్టుచీర కట్టుకుని, స్టూలు మీద నుంచి టైరు మీదికి, టైరు మీద నుంచి సీట్లోకి ఎక్కింది. ఊళ్ళో సగంమంది పనులు మానుకుని చూశారు. తీరా అక్కడికెళ్ళాక చూస్తే స్టూలు ఇంటి దగ్గరే ఉండిపోయింది. పందిరి గుంజ పట్టుకుని దిగింది పాపం. పందిరి కూడా కాస్త దిగింది.

ఇంటికొచ్చాక ఎలీసమ్మ చీరైనా మార్చుకోలేదు.

"ఏమయ్యా, మిరప కోతలు దగ్గరికొచ్చేశాయి. ఈ సీజను పోయిందంటే ఏడాదంతా మనం పస్తులే. బండిని ఎప్పటి ఎత్తుకి దించుతావా, నన్ను మా అన్న ఇంట్లో దించుతావా?"

జక్రయ్య బండి వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు. రెండూ ఎత్తులోనే ఉన్నాయి.

"సమాధుల పండగ వెళ్ళనీవే. ఆ మధ్యాహ్నమే నజీరుతో దించేయిస్తా."

"బైబిలు మీద చెయ్యేసి చెప్పు."

వేశాడు. వేశాడు గానీ, ఆనాటి నుంచి మనిషి కుదురుగా కూర్చుంటే ఒట్టు. ముద్ద నోట్లో ఉండగానే లేచి వాకిట్లోకి పోతాడు. మబ్బు చూస్తాడు. బండి కింద దూరి బోల్టులు తడుముతాడు. వానలో గొడుగైనా లేకుండా పొలాల్లో బండ్లు పోయే డొంక వైపు పోయి, మోకాళ్ళ దాకా బురదతో తిరిగొస్తాడు. దిగబోయే బండికి ఇంత సేవ దేనికో ఎలీసమ్మకి అంతుపట్టలేదు.

మా వైపు నవంబరు రెండున క్రైస్తవులు సమాధులకి సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. వీళ్ళ సమాధుల దొడ్డి ఊరికి దూరంగా, నల్లరేగడి డొంక దాటాక ఉంది. వాన పడిందంటే ఆ డొంక చెప్పులు మింగేసి కాళ్ళు మాత్రం వెనక్కిస్తుంది. ఈ ఏడూ తుపాను పట్టింది. వయసులో ఉన్నవాళ్ళు పంచెలు ఎగ్గట్టి నడిచిపోయారు.

నజీరు పొద్దున్నే జాకీ తెచ్చుకుని అరుగు మీద కూర్చున్నాడు, జక్రయ్యకి మళ్ళీ మనసు మారుతుందేమోనని. అప్పుడొచ్చింది జక్రయ్యకి పిన్ని వరసయ్యే ముసలమ్మ రాజ్యం. ఒక చేతిలో సున్నం బకెట్టు, ఇంకో చేతిలో కర్ర. వెనకాల తనంత ముసలమ్మలు ఓ గుంపు, అందరూ తెల్లచీరల్లో.

"ఏమే ఎలీసమ్మా, మీ ఆయన తయారేనా?"

"ఎక్కడికత్తా?"

"సమాధుల దగ్గరికి! నీకు చెప్పలా? పోయినేడు మమ్మల్ని ఎక్కించుకుని డొంక మధ్యలో దిగబడ్డాడుగా. సమాధుల్లో ఉన్న మా ముసలాళ్ళకి బండిలోంచే చేతులూపి వెనక్కొచ్చేశాం. వాడు ఏడ్చినంత పనిచేశాడే తల్లీ. వచ్చే ఏటికి బండి లేపుతా పిన్నీ అని నా చెయ్యి పట్టుకుని చెప్పాడు."

ఎలీసమ్మ మొగుడి వైపు తిరిగింది. ఆయన చెట్టంత మనిషి, తప్పు చేసినట్టు గోళ్ళు చూసుకుంటున్నాడు.

"నాతో చెబితే నీ సొమ్మేం పోయిందయ్యా?"

"చెప్పాక మళ్ళీ దిగబడితేనో? నువ్వూ వీళ్ళతోపాటు ఏడుస్తావు. అందుకే, ఇంకో జానెడుంటే ఖాయంగా దాటుతుందని..."

ఎలీసమ్మ ఆయన చొక్కా కాలరు సర్దింది. ఇంతమంచి వాడినా తను ఏడాదంతా తిట్టింది!

ఈలోగా రాజ్యం టైరు పక్కన నిలబడి, తలెత్తి పైకంటా చూసింది.

"ఒరేయ్ జక్రయ్యా, ఇది ఎక్కాలంటే ముందు చావాలిరా. అప్పుడైతే నలుగురూ పట్టి ఎత్తుతారు."

జక్రయ్య మొహం పాలిపోయింది. ఏడాదిపాటు బురద లోతు కొలిచాడు గానీ, ముసలమ్మల మోకాళ్ళ సంగతి ఆయన బుర్రకి తట్టనేలేదు. స్టూలు తెచ్చారు. స్టూలు మీద పీట వేశారు. పీట ఊగింది, రాజ్యం కేకేసింది, నజీరు పట్టుకున్నాడు.

"ఆపండి!" అని ఎలీసమ్మ కొంగు నడుముకి బిగించింది. "బండి చర్చి దగ్గరికి పోనీ. వెనక్కి తెచ్చి మెట్ల పైన అరుగుకి ఆనించు."

ఆనించి వెనక తలుపు దించితే, అరుగు కన్నా బండి సరిగ్గా జానెడు తక్కువొచ్చింది. జక్రయ్య నోరు తెరవబోయాడు. ఎలీసమ్మ చూసిన చూపుకి మూసేశాడు. ముసలమ్మలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని, ఇంట్లోంచి వసారాలోకి నడిచినట్టు బండిలోకి నడిచారు. ఎలీసమ్మా ఎక్కేసింది.

డొంకలో ఓ ట్రాక్టరు అప్పటికే కూరుకుపోయి ఉంది. పోయినేడు దిగబడ్డ చోటుకి రాగానే బండి ఓ పక్కకి ఒరిగింది. చక్రాలు గిర్రున తిరిగి బురద చిమ్మాయి. బండిలో ప్రార్థన మొదలైంది. లోపల జక్రయ్యకి చెమటలు పట్టాయి. టైరు పళ్ళకి ఎక్కడో గట్టినేల దొరికింది. ఒక్క గుంజు గుంజి బండి అవతల పడింది.

"స్తోత్రం!" అన్నారు అందరూ. "శభాష్!" అంది రాజ్యం.

సమాధుల దగ్గర దిగేదెలా? ఇది కూడా ఎవరూ ఆలోచించలేదు. ఎత్తయినది ఒకటే కనిపించింది, పాత పాస్టరుగారి సిమెంటు సమాధి. జక్రయ్య లెంపలేసుకున్నాడు.

"ఆనించరా" అంది రాజ్యం. "బతికినన్నాళ్ళూ మమ్మల్ని దేవుడి దగ్గరికి ఎక్కించడానికి తంటాలు పడినాయన. ఓసారి దించమంటే కాదంటాడా?"

చెప్పులు బండిలోనే వదిలి, "అయ్యగారూ, క్షమించండి" అనుకుంటూ ఒక్కొక్కరే దిగారు. రాజ్యం తిన్నగా మొగుడి సమాధి దగ్గరికి పోయింది. "పోయినేడు రాలేదని మూతి ముడిచావా? బురదయ్యా బురద!" అని గదమాయిస్తూ సున్నం కొట్టింది. కొడుతూనే కళ్ళు తుడుచుకుంది. జక్రయ్య ఓ చోట నిలవలేక, అందరి కొవ్వొత్తులకీ గాలి తగలకుండా అటూ ఇటూ పరిగెత్తాడు. ఎలీసమ్మ ఆయన్నే చూస్తూ ఉండిపోయింది.

తిరిగొచ్చేసరికి చర్చి అరుగు మీద నజీరు జాకీతో సిద్ధంగా ఉన్నాడు.

"మాటిచ్చా. దించెయ్ నజీరూ" అన్నాడు జక్రయ్య, బండి వైపు చూడకుండా.

"తొందరేముంది, రేపు దించుదువు గాని" అంది ఎలీసమ్మ. "దిమ్మలూ టైర్లూ పారెయ్యకు, జాగ్రత్తగా దాచు. కోతలకి దించాలి, వానలకి లేపాలి."

"ఏటా ఇదే పనా వదినా?" అన్నాడు నజీరు.

"ఏటా ఇదే. మా ఆయన ఊరుకోడుగా."

జక్రయ్య మొహం చేటంతయింది. అరుగు మీదికి దిగబోతున్న రాజ్యానికి మాత్రం సందేహం వచ్చింది.

"మరి నేను పోయినప్పుడు ఏ బండే?"

"నీకెందుకత్తా బెంగ? ఎండల్లో పోతే మామూలు బండి. వానల్లో పోతే లేపిన బండి."

రాజ్యం బండిలోనే కర్ర మీద ఆనుకుని ఊరి వైపు తిరిగింది.

"అయితే వానల్లోనే పోతాలే. ఇంత ఎత్తు మీంచి ఊరు భలే కనపడుతోంది."