సెలవు అడిగితే శాలువా కప్పారు

మీ ఊళ్లో కరెంటు పోతే మొదట ఎవరిని తిడతారు?

మా వైపు రాంబాబును తిట్టేవాళ్లు. అవనిగడ్డ పక్కన మా ఊళ్లకి లైన్‌మన్. నాకు సొంత తమ్ముడిలాంటివాడు.

నిన్న మధ్యాహ్నం పోయాడు.

గుడివాడలో ప్రార్థన కూటంలో వాక్యం చెబుతుండగా ఫోన్ వచ్చింది. కూటం అక్కడితో ముగించేశాం.

సప్లై ఆపించకుండానే స్తంభం ఎక్కాడట.

"నిర్లక్ష్యం" అంటున్నారు. శవం దగ్గరే నిలబడి అంటున్నారు.

కాదండీ. జబ్బు.

మొన్నామధ్య పెట్రోల్ కొట్టించుకుని, బండి బంకులోనే వదిలేసి ఇంటికి నడిచొచ్చేశాడు. "ఏం రాంబాబూ, బండి నిన్ను దింపేసి పోయిందా?" అని ఊరంతా ఆటపట్టించింది. అతనూ నవ్వాడు. భార్య లక్ష్మి మాత్రం నవ్వలేదు. ఫోన్ మోగకపోయినా మోగిందంటూ లేస్తున్నాడనీ, అన్నం ముందు కూర్చుని ఏడుస్తున్నాడనీ నాతో చెప్పింది.

పోయిన గాలివానకి తిండీ నిద్రా లేకుండా లైన్లు నిలబెట్టాడు. అయ్యాక సెలవు అడిగాడు. ఆ సంగతి తెలిసి, ఇతను లేకపోతే కరెంటెవరు చూస్తారని ఊళ్లో పెద్దలకి కంగారు పట్టుకుంది. అందరూ కలిసి సన్మానం పెట్టారు. మైకులో "సెలవెరుగని మనిషి" అన్నారు. చప్పట్లు.

మర్నాడు టీ కొట్టు దగ్గర నాతో అన్నాడు.

"రెండ్రోజులు పడుకుంటానంటే శాలువా కప్పారు అన్నయ్యా. ఇంక ఏ మొహం పెట్టుకుని అడగను?"

బందరులో మనసు డాక్టర్లున్నారు, వెళ్దాం అన్నాను. పిచ్చోడని పేరు పడితే స్తంభం ఎక్కనివ్వరని, ఇల్లు గడవదని భయపడ్డాడు.

నేను కాలేజీలో చదివి బోధకుణ్ణి కాలేదు. చదివిందల్లా వాక్యమే. అందులో ఒక ప్రవక్త అలసిపోయి, చెట్టు కింద కూలబడి చావు కోరుకున్నాడు. దేవుడు గద్దించలేదు. విశ్వాసం తక్కువైందనలేదు. నిద్రపోనిచ్చాడు. లేపి రొట్టె పెట్టించాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు.

ప్రార్థన ఒక్కటే చాలనే సంఘపెద్దలారా, ఆ అధ్యాయం ఇంకోసారి చదవండి. జ్వరానికి మాత్ర వేసుకుంటారు కదా. మనసుకి ఎందుకు వద్దు?

ఈ ఉదయం శవం పక్కన రాంబాబుతో కలిసి పనిచేసే శ్రీను కూర్చుని ఉన్నాడు. కరెంటు పోయిందని ఎవరో ఫోన్ చేస్తే లేచి బయల్దేరబోయాడు. ఏ ఊరో కూడా అడక్కుండానే ఫోన్ పెట్టేశాడు. బండి తాళం లాక్కున్నాను.

"నాకూ అట్టానే ఉంటంది అన్నయ్యా," అన్నాడు మెల్లగా. "ఎవరికీ చెప్పమాకండి."

చెప్పనన్నాను.

గొయ్యి పూడ్చాక అతనే నా దగ్గరికొచ్చాడు.

"రాయండి అన్నయ్యా. నా పేరు పెట్టే రాయండి."

అందుకే రాస్తున్నాను.

తమ్ముడూ రాంబాబూ, ఇక నిన్నెవరూ పిలవరు. ప్రభువు నీకు శాంతి సమాధానాలు ఇచ్చుగాక.

ఈ సాయంత్రం అవనిగడ్డ బస్టాండులో శ్రీనూ నేనూ బందరు బస్సెక్కుతున్నాం, డాక్టర్ దగ్గరికి. మీలో ఎవరికైనా ఇలాగే ఉంటే, మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే, మాతో రండి. పక్కన నేను కూర్చుంటాను. ఎవరేమన్నా నేను జవాబు చెబుతాను.

రేపు చూద్దాం అనకండి. ఇవాళే రండి.