నాన్న మీసం... ఎంజో అంకుల్ ఇంట్లో చూసిన సినిమా

మా చిన్నప్పుడు, ఇండియా నుంచి ఈ దేశానికి వచ్చిన కొత్తలో... క్రాన్‌బర్న్‌లో మా వీధి పిల్లలకి తెలిసిన పెద్ద మీసాలు రెండే. ఒకటి, టీవీకి తగిలించుకుని ఆడే వీడియో గేమ్‌లో ఎగిరి గంతులేసే ఇటలీ ప్లంబర్‌ది. రెండోది మా నాన్నది. నిమ్మకాయలు నిలబెట్టేంత కాదు గానీ... రోజూ పొద్దున్నే దువ్వెన పెట్టి దువ్వుకునేంత ఉండేది.

నాన్న నన్ను స్కూల్ గేటు దగ్గర దింపితే చాలు, పిల్లలందరూ ఆ గేమ్‌లో వచ్చే సంగీతం కూనిరాగం తీసేవాళ్ళు. అదేదో తనకి స్వాగతమనుకుని నాన్న చెయ్యి ఊపేవాడు. నాకు కాస్త సిగ్గు, కాస్త గర్వం...

నాన్న తెనాలి నుంచి వైటూకే పని మీద వచ్చిన ప్రోగ్రామర్. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచమంతా వణికింది కదా... ఏదీ ఆగలేదు. మా నాన్న కాంట్రాక్టు ఒక్కటే ఆగింది.

ఇంకో ఉద్యోగం దొరక్కపోతే మూటాముల్లె సర్దుకుని వెనక్కి వెళ్ళిపోవడమే. ఇంటర్వ్యూలు కుదిర్చే ఏజెంటు ఒకాయన, "క్లయింట్ల ముందు కూర్చునే పని, మేట్... క్లీన్ షేవ్ అయితే బావుంటుంది" అని ఓ ఉచిత సలహా పారేశాడు. ఆ మాట ఇంట్లో చెప్పగానే అమ్మకి ఎక్కడలేని కోపం వచ్చింది.

"మామయ్యగారు నిక్షేపంలా ఉండగా మీసం తీస్తారా? అసలా మాట అనడానికి నోరెలా వచ్చిందండీ?"

తండ్రి బతికుండగా కొడుకు మీసం తీయకూడదని మా ఇళ్ళలో పట్టింపు. తీస్తే అర్థం వేరు. నాన్న ప్లేటులో చెయ్యి కడిగేసుకున్నాడు.

ఆ శనివారం మధ్యాహ్నం పక్కింటి ఇటలీవాళ్ళ అమ్మాయి రోసా పరిగెత్తుకుంటూ వచ్చింది. నా క్లాసే. మా గేమ్‌ని సినిమాగా తీశారట, వాళ్ళ నాన్న ఎంజో అంకుల్ వీడియో షాపు నుంచి క్యాసెట్ తెచ్చాడట! నాన్నని కూడా లాక్కుని వెళ్ళాను. వాళ్ళ గ్యారేజీ నిండా టమాటా సాస్ సీసాలు... మనం ఏడాదికి సరిపడా ఆవకాయ పెట్టుకుంటామే, అలాగన్నమాట.

సినిమా మాకు నచ్చలేదు. గేమ్‌లో ఉన్న రంగులేవీ, గంతులేవీ? అంతా చీకటి, బురద. ఎంజో అంకుల్‌కి మాత్రం వేరే కోపం.

"అమెరికా వాళ్ళ సినిమాల్లో మా వాళ్ళకి మూడే ఉద్యోగాలు" అన్నాడు నాన్నతో. "పిజ్జాలు కాల్చడం, పైపులు బాగుచేయడం, మనుషుల్ని కాల్చడం. నేను ఇన్నేళ్ళుగా ట్రామ్ నడుపుతున్నా. ట్రామ్ నడిపే ఇటాలియన్ మీద ఒక్కడూ సినిమా తీయడేం?"

నాన్న పడీ పడీ నవ్వాడు. "మీకు మూడున్నాయి ఎంజో! మాకు ఒకటే... కొట్లో కౌంటర్ వెనకాల నిలబడటం."

అప్పుడు రోసా వాళ్ళ నాన్నని అడిగింది, "పాపా, మరి నీకు మీసం లేదేం?" అని.

"ఉండేది. ఇక్కడికొచ్చి ఉద్యోగం వెతుక్కునేటప్పుడు తీసేశా. మా అమ్మకి ఫోటో పంపిస్తే, ఈ అబ్బాయెవరు అని జవాబు రాసింది" అని ఎంజో అంకుల్ నవ్వాడు. ఈసారి నాన్న నవ్వలేదు.

సోమవారం పొద్దున నాన్న బాత్రూంలోంచి బయటికొచ్చాడు... మీసం లేదు. పై పెదవి మీద చర్మం పాలిపోయి, ఎవరో కొత్తాయనలా ఉన్నాడు. మూడేళ్ళ తమ్ముడు అమ్మ వెనక దాక్కున్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆ వారమే అమ్మ మమ్మల్నందర్నీ దగ్గర్లోని కేరమ్ డౌన్స్ గుడికి తీసుకెళ్ళి, తాతయ్య పేరు మీద అర్చన చేయించింది.

ఉద్యోగం వచ్చింది. మేం ఇక్కడే ఉండిపోయాం. మీసం తీసినందుకు వచ్చిందో, ఉన్నా వచ్చేదో ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

తెనాలికి మాత్రం ఎప్పుడూ పాత ఫోటోలే వెళ్ళేవి. ఫోన్‌లో మీసం కనపడదు కదా! రెండేళ్ళ తర్వాత ఊరెళ్ళే ముందు, నాన్న పనిగట్టుకుని మీసం పెంచాడు. తాతయ్య గుమ్మంలోనే ఆపి, కొడుకు మొహం రెండు చేతుల్లోకి తీసుకుని చూశాడు.

"పల్చబడిందేంట్రా?"

"అక్కడి నీళ్ళు పడలేదు నాన్నా..."

తాతయ్య లోపలికి వెళ్ళాడు. కొబ్బరినూనె సీసా తెచ్చి నాన్న చేతిలో పెట్టాడు. తిరిగొచ్చి ఆఫీసుకి వెళ్ళే రోజు పొద్దున్నే మళ్ళీ గొరుక్కున్నాడు నాన్న.

ఇప్పుడు తాతయ్య లేడు. నాన్న రిటైరయ్యాడు. "అలవాటైపోయిందిలే అమ్మా" అంటూ మళ్ళీ ఎప్పుడూ పెంచలేదు.

ఆమధ్య అదే గేమ్ బొమ్మల సినిమాగా వస్తే, మా అమ్మాయినీ నాన్ననీ తీసుకెళ్ళాను. హాలు నిండా పిల్లలు... తెల్లవాళ్ళు, చైనావాళ్ళు, మనవాళ్ళు... అందరికీ అంటించుకునే మీసాలే! మా అమ్మాయి ఒకటి తెచ్చి వాళ్ళ తాత మొహాన అతికించి, "తాతా, యూ లుక్ సో కూల్!" అంది. నాన్న ఫోన్‌లో మొహం చూసుకున్నాడు... చాలాసేపు.

సినిమా అయిపోయింది. ఇంటికొచ్చాం. భోజనాలు కూడా అయ్యాయి. అది ఇంకా ఆయన మొహానే ఉంది.

"తీసేయండి నాన్నా, దురద పెట్టదూ?" అన్నాను.

"జిగురు గట్టిగా పట్టేసిందమ్మా... రావట్లేదు" అన్నాడు.

ఆనాడు బతుకుతెరువు కోసం తీసేసినవి ఈనాడు పిల్లలకి ఆటవస్తువులయ్యాయి... మంచిదే. కానీ ఈ దేశంలో ఇమడటానికి మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏం వదులుకున్నారో ఎప్పుడైనా అడిగారా? నేను అడగలేదు. మీకు తెలిస్తే కింద రాయండి... చదువుకుంటాను.