మధ్యాహ్నం పూట వల అల్లిన ఆవిడ

పెదపాడు దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా పిల్లలకు దయ్యాల కథలంటే మహా ఇష్టం. వాన పడి కరెంటు పోతే చాలు, ఎవరో ఒకరు మొదలుపెడతారు. నేను పాఠం ఆపి, "నువ్వు చూశావా? ఎవరైనా చెబితే విన్నావా?" అని అడిగేదాన్ని. ఎవరూ చూసి ఉండరు. కథ అక్కడితో ఆగిపోయేది. ఇప్పుడు అదే ప్రశ్న నన్ను అడిగితే, చూశాననే చెప్పాలి. నమ్మమని మాత్రం ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మేముండేది ఏలూరులో, అద్దె ఇంట్లో. బడికి స్కూటీ మీద వెళ్లివస్తాను. ఆ దారిలో చేపల లారీలు తిరుగుతుంటాయి. ఐసు కరిగిన నీళ్లు కారి రోడ్డంతా జిడ్డుగా ఉంటుంది. ఒక రోజు బడికి వెళుతుండగా మలుపులో బండి జారింది. హెల్మెట్ ఉంది గానీ, తల వెళ్లి కల్వర్టు గట్టుకి గట్టిగా తగిలింది. కాసేపు తెలివి లేదు. కళ్లు తెరిచేసరికి ఎవరో మొహాన నీళ్లు చల్లి, "మేడమ్ గారూ, మీ పేరేంటండీ?" అని అడుగుతున్నారు. పేరు చెప్పాను, సునీత అని. ఆ రోజు ఏ వారమో మాత్రం చెప్పలేకపోయాను.

ఆసుపత్రిలో స్కాన్ తీశారు. లోపల రక్తస్రావం లేదు, ఎముక విరగలేదు. "మైల్డ్ ఇంజ్యురీ అండీ, అదృష్టవంతులు" అన్నారు డాక్టరుగారు. ఆ మాటకి ఇంట్లో అందరి మనసూ కుదుటపడింది. తర్వాత తర్వాత నాకు అదే మాట కష్టమైంది. నాకు కుట్లు లేవు, కట్టు లేదు. చూసేవాళ్లకి మనిషి బాగానే ఉంది.

కొన్నాళ్లు విశ్రాంతి తీసుకుని బడికి వెళ్లాను. శ్వాసక్రియ పాఠం. బోర్డు మీద బొమ్మ వేసి పేరు చెప్పబోతే మాట రాలేదు. ఎన్నో ఏళ్లుగా చెబుతున్న మాట. నేను ప్రశ్న అడుగుతున్నాననుకుని పిల్లలంతా ఒక్క గొంతుతో "ఊపిరితిత్తులు" అన్నారు. ఆ అరుపుకి తలలో సుత్తితో కొట్టినట్టయింది. కుర్చీలో కూలబడి, పిల్లల ముందే ఏడ్చేశాను. ఆ రోజు నుంచి మళ్లీ సెలవు.

వెలుతురు పడేది కాదు, చప్పుడు పడేది కాదు. ఫోను వైపు చూస్తే వాంతి వచ్చేది. వెనక గదిలో కర్టెన్లు వేసుకుని పడుకునేదాన్ని. అత్తయ్యగారు మిక్సీ వాడటం మానేసి పచ్చడి పక్కింట్లో రుబ్బుకొచ్చేవారు. మా పాప బడి నుంచి రాగానే గుమ్మంలో పట్టీలు విప్పి, చేత్తో పట్టుకుని నడిచేది. అలా చేయమని దానికి ఎవరూ చెప్పలేదు. అది చూసిన రోజున నాకు అనిపించింది, నేను లేకపోతే ఈ ఇంట్లో వీళ్లు గట్టిగా నవ్వుకోగలరు కదా అని. ఆ ఆలోచన ఏడుస్తుంటే రాలేదు. రేపు ఏం కూర వండాలి అన్నంత మామూలుగా వచ్చింది. మా ఆయనకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజుల్లోనే ఆవిడ రావడం మొదలైంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తయ్యగారు హాల్లో చాప వేసుకుని నడుం వాల్చేవారు. ఒక రోజు నేను మంచం మీద పక్కకి తిరిగి చూసేసరికి, నా గదిలో కిటికీ కింద గోడకి ఆనుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పల్చటి మనిషి. ముతక చీర, నెరిసిన జుట్టు. కాళ్లు చాపుకుని, కాలి బొటనవేలికి దారం తగిలించి వల అల్లుతోంది. నన్ను ఒంటరిగా ఉంచకూడదని అత్తయ్యగారు ఎవరినో పెట్టారనుకున్నాను. ఎవరని అడిగే ఓపిక లేదు. కళ్లు మూసుకున్నాను. దారం బిగుసుకునే చప్పుడు సన్నగా వినబడుతూనే ఉంది. చాలా రోజుల తర్వాత నా తలకి నొప్పి కలిగించని చప్పుడు అదొక్కటే.

ఆవిడ ప్రతి మధ్యాహ్నం వచ్చేది. ఎలా ఉందమ్మా అని అడగదు. ధైర్యంగా ఉండమని చెప్పదు. అందుకే నాకు ఆవిడ ఉండటం బాగుండేది. ఒకనాడు నేను ఆవిడ మొహం వైపు చూడబోతే, "నన్ను చూడక్కర్లేదమ్మా, ముడి చూడండి" అంది. చూశాను. మర్నాడు లేచి వెళ్లి ఆవిడకి ఎదురుగా కింద కూర్చున్నాను. మంచం దిగి నా అంతట నేను కూర్చోవడం అప్పటికి ఎన్నాళ్లయిందో!

బియ్యం బస్తా కట్టిన పురికొస అలమరలో ఉంటే తీశాను. పాప పెన్సిలుకి దాన్ని చుట్టి, వల కళ్లన్నీ ఒకే కొలతకి రావడానికి పాప స్కేలే పెట్టుకుని, ఆవిడ చేతుల్ని చూస్తూ మొదలుపెట్టాను. ముడి జారిపోయేది. విప్పి మళ్లీ వేసేదాన్ని. ఒక్క కన్ను సరిగ్గా కుదిరేసరికి చెమటలు పట్టేశాయి.

"ఇవాళ్టికి ఇది చాలండి" అంది ఆవిడ. "రేపొకటి వేద్దురుగాని."

రేపు అన్న మాట విని నాకు భయం వేయకపోవడం ఆ రోజే గమనించాను.

అలా అరచేయంత వల తయారైంది. అత్తయ్యగారు దాన్ని చూసి, ఏదో దారంతో కాలక్షేపం చేస్తున్నాననుకున్నారట. ఒక సాయంత్రం అత్తయ్యగారు నాకు టీ తెచ్చినప్పుడు అడిగాను, "అత్తయ్యగారూ, ఆ పెద్దావిడకి కూడా కాస్త టీ ఇస్తున్నారా?"

"ఏ పెద్దావిడమ్మా?"

"మధ్యాహ్నం వస్తున్నారు కదండీ, వల అల్లే ఆవిడ."

అత్తయ్యగారు గ్లాసు కింద పెట్టి నా పక్కన కూర్చున్నారు. మా ఇంటికి ఉన్నది ఒకటే గుమ్మం. ఆ గదిలోకి రావాలంటే హాల్లో చాప దాటుకునే రావాలి. "నేను నిద్రపోను సునీతా. నువ్వు పిలుస్తావేమోనని కళ్లు మూసుకుని ఊరికే పడుకుంటాను. ఎవరూ రాలేదు తల్లీ" అన్నారు. మెల్లగా, నన్ను బెదరగొట్టకూడదన్నట్టు అన్నారు. పైన ఉండే ఇంటివాళ్లని, పక్కింటివాళ్లని కూడా అడిగారు. అలాంటి మనిషి ఎవరికీ తెలియదు.

మా ఆయన మర్నాడే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లారు. అక్కడ నేను అన్నీ చెప్పాను. ఆవిడ సంగతి చెప్పాను, పాప పట్టీల సంగతి చెప్పాను, నేను లేకపోతే బాగుంటుందన్న ఆలోచన కూడా చెప్పేశాను. మా ఆయన తల వంచుకుని విన్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

డాక్టరుగారు కంగారు పడలేదు. "తలకి దెబ్బ తగిలాక డిప్రెషన్ రావడం చాలామందిలో చూస్తామండీ. మీ తప్పు కాదు, మీ బలహీనతా కాదు. మెదడు మానుతున్నప్పుడు లేనివి కనబడటమూ ఉంటుంది. ఇంత ముఖ్యమైన సంగతి దాచకుండా చెప్పారు, అదే మంచిపని" అన్నారు. మందులు మార్చారు. వారం వారం ఒక కౌన్సెలరు గారితో మాట్లాడించారు. గదిలోనే ఉండిపోవద్దన్నారు. రోజూ కొంచెం నడక, కొంచెం వెలుతురు, తల నొప్పి మొదలవగానే విశ్రాంతి.

ఆవిడ మళ్లీ రాలేదు. నిజం చెప్పాలంటే కొన్నాళ్లు కిటికీ కింద చోటు చూస్తూ ఉండేదాన్ని. దిగులుగా ఉండేది. అల్లడం మాత్రం మానలేదు. నెమ్మదిగా మాటలు వెనక్కి వచ్చాయి. ఒక్కరోజులో కాదు. బాగున్న వారం తర్వాత బాగులేని వారం వచ్చేది. ఒకనాడు పాప పట్టీలతోనే పరిగెత్తుకుంటూ వచ్చి నా ఒళ్లో పడింది. తల నొప్పి రాలేదు. అత్తయ్యగారు వంటగదిలోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నారు.

ముందు ఒక పూట బడికి వెళ్లాను, తర్వాత రోజంతా. ఇక్కడితో అయిపోతే నేను ఇది రాసేదాన్ని కాదు. జబ్బు చేసింది, లేని మనిషి కనబడింది, తగ్గింది అనుకునేదాన్ని.

చలికాలంలో మా తోటి టీచరు దుర్గగారు వాళ్ల పుట్టింటికి భోజనానికి పిలిచారు. కొల్లేటి లంక గ్రామం వాళ్లది. మా ఆయన, నేను వెళ్లాం. దుర్గగారి నాన్నగారు అరుగు మీద కూర్చుని చిరిగిన వల బాగుచేసుకుంటున్నారు. నా సంచిలో నేను అల్లిన ముక్క ఉంది. ఊరికే చూపించాను. ఆయన వేళ్లతో తడిమి, వెలుతురుకి పట్టి చూశారు.

"బాగా బిగించారండీ. ఎవరు నేర్పారండీ మీకు?"

"ఒక పెద్దావిడండీ" అన్నాను.

"ఏదీ, ఒకసారి వెయ్యండి చూద్దాం" అని తన వల అల్లే సూది, దారం ఇచ్చారు. వేశాను. ఆయన నవ్వారు. "మీది కుడిచేతి వాటమే. మరి దారం చుట్టు తిరగేసి తిప్పుతున్నారేంటండీ? ఎడమచేతి వాటం వాళ్లు తిప్పినట్టు."

నేను పుట్టి పెరిగింది జంగారెడ్డిగూడెంలో. మెట్ట ప్రాంతం. మా ఇళ్లలో వల పట్టినవాళ్లు లేరు. బడికి పోతూ దారిలో ఎవరైనా అల్లుతుంటే దూరం నుంచి చూసి ఉండొచ్చు, కాదనను. కానీ ముడి ఎలా పడుతుందో బండి మీద పోతూ తెలుసుకోలేం.

తిరిగి వస్తుంటే కారులో మా ఆయనకి వివరించాను. ఇందులో వింతేమీ లేదన్నాను. ఎదురుగా కూర్చున్న మనిషి చేతుల్ని చూసి నేర్చుకుంటే ఎవరికైనా కుడి ఎడమలు తారుమారవుతాయి, అద్దంలో చూసినట్టు. పిల్లలకి పాఠం చెప్పే గొంతుతోనే చెప్పాను.

ఆయన ఎదురొచ్చే చేపల లారీకి దారిచ్చారు. తర్వాత అన్నారు, "అలా తారుమారు కావాలంటే, ఎదురుగా ఒక మనిషి ఉండాలి కదా."